చూపు రాకముందే లేచి నడిచినవాడు



మార్కు సువిశేషం పదవ అధ్యాయం చివర, యెరికో త్రోవ ప్రక్కన కూర్చున్న బర్తిమయి మనకందరికీ తెలిసినవాడే. మూడేళ్ళకొకసారి సామాన్యకాలపు 30వ ఆదివారం నాడు అతని గూర్చి ప్రసంగం వింటూనే ఉన్నాము. విశ్వసించాడు, చూపు పొందాడు అని ఆ ప్రసంగం ముగుస్తుంది. అయితే ఒక సంగతి మీరు ఎప్పుడైనా గమనించారా? ప్రభువు నిలబడి అతనిని పిలువుమన్నాడు. బర్తిమయి పైవస్త్రం పారవేసి, దిగ్గున లేచి, ప్రభువు వద్దకు వచ్చాడు. ఎవరో చేయి పట్టి తెచ్చినట్లు మార్కుగారు వ్రాయలేదు. అప్పటికింకా అతనికి చూపు రాలేదు! గ్రుడ్డివాడుగానే, అంత జనం మధ్య, స్వరం వినవచ్చిన దిక్కుకు నడిచాడు. అంతకుముందు ఆ జనం చేసిన ఉపకారం ఏమిటంటే, నోరు మూసుకోమని కసరడం.

ప్రభువు అడిగిన ప్రశ్న కూడా వింతగానే ఉంటుంది. కళ్ళు లేనివానికి ఏమి కావాలో ఆయనకు తెలియదా? తెలిసి కూడా, ఏమి చేయమంటావని అతనినే అడిగాడు. మన ఇళ్ళలో ఈ ప్రశ్న అడిగేవారు ఎందరు?

పలమనేరు వైపు ఒక పల్లెకు ఇంటి ఆశీర్వాదానికి వెళ్ళాను. ఆ ఇంట్లో ఇరవై నాలుగేళ్ళ అబ్బాయి ఉన్నాడు. పదహారవ ఏట కంటి నరం దెబ్బతిని చూపు పోయింది. తల్లి ఎంతో గర్వంగా, "వాడు యాడికీ పొయ్యే పన్లేదు సామీ, నీళ్ళు గూడా మేమే చేతికిస్తాం" అన్నది. నిజమే, శుభ్రమైన బట్టలు, వేళకు అన్నం, దేనికీ లోటు లేదు. ఆమె కాఫీ కోసం లోపలికి వెళ్ళినప్పుడు అబ్బాయి మెల్లగా, "బాగా చూసుకుంటారు ఫాదర్. కానీ నేనొక్కడినే వీధి చివర అంగడి దాకా పోయి ఎనిమిదేళ్ళయింది" అన్నాడు. ఏదో శిబిరంలో ఇచ్చిన తెల్లకర్ర ఆ ఇంట్లో ఉంది, అటక మీద. ఎందుకమ్మా అంటే తల్లి గొంతు తగ్గించి, "కట్టె పట్టుకొని వీధిలో తిరిగితే నలుగురూ ఏమనుకుంటారు సామీ? పాపకు సంబంధాలు వస్తా ఉండాయి" అన్నది.

ఆ తల్లిని కఠినురాలని నేను అనను. ఆమె భయం వట్టిది కూడా కాదు. పెళ్ళిచూపులకు వచ్చే మన విశ్వాసులే ఆ కర్రను చూసి వెనుకకు పోతారని ఆమెకు తెలుసు. ఆ కర్రను అటక ఎక్కించినది మనమందరం కలిసే. గ్రుడ్డెద్దు చేలో పడినట్లు అని నవ్వుతూ అనే నోళ్ళు మనవే గదా.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు పునీత అక్వీనాసు తోమాసువారి ఆలోచన ఒకటి నేర్చుకున్నాము. ఒక ప్రాణి తనంతట తాను కదలడం మొదలుపెట్టినప్పుడే అది జీవిస్తున్నదని అంటామట. పరీక్షకు వ్రాసి మరచిపోవడానికి తగినదే అనిపించేది. గడప లోపల ఎనిమిదేళ్ళు గడిపినవాని ఎదుట కూర్చుంటే ఆ మాటకు బరువు తెలుస్తుంది.

మన కతోలిక బైబులులోని తోబీతు గ్రంథాన్ని ఒకసారి తెరవండి. పిచ్చుకల రెట్ట కళ్ళలో పడి చూపు పోయిన తోబీతు, కుమారుడు తిరిగి వచ్చాడని వినగానే తడబడుతూ, తూలుతూ వాకిట్లోకి వస్తాడు. పదకొండవ అధ్యాయంలోనే, చూపు వచ్చాక, కోడలిని ఎదుర్కొనడానికి నీనెవె పట్టణ ద్వారం దాకా వెళతాడు. అక్కడివారు దేనికి ఆశ్చర్యపడ్డారో చూడండి: ఎవరూ చేయి పట్టకుండా నడిచి వస్తున్నందుకు! ఆ నడకలో ఎంత గౌరవమున్నదో గ్రంథకర్తకు తెలుసు.

ఇది మందుతో వచ్చిన నడక. మందు పనిచేయని చోట? శ్రీకాళహస్తి ప్రాంతం వారికి కన్నప్ప కథ తెలియనిది కాదు గనుక నేత్రదానం మాట మనకు త్వరగా అర్థమవుతుంది. మంచిదే, తప్పక చేయండి. మరణించిన 6 గంటల లోపు ఇచ్చిన కళ్ళతో ఇద్దరికి చూపు రావచ్చు. అయితే దానివలన మేలు కలిగేది కంటి పైపొర, అనగా కార్నియా, చెడినవారికి మాత్రమే. శుక్లాలైతే శస్త్రచికిత్స ఉంది. అరవింద్ కంటి ఆసుపత్రి 2019 నుండి తిరుపతిలోనే ఉంది. కంటి నరం చచ్చినవారికి, రెటీనా పాడైనవారికి ఈ రెండూ పనికిరావు. వారికి కావలసింది నడక నేర్పే గురువు.

కర్రతో నడవడం కూడా ఒక విద్యే. రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికులకు 1944 ప్రాంతంలో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ అనే ఆయన ఈ పద్ధతిని రూపొందించాడు. అంతవరకు వాడినది ఆనుకొనే పొట్టికర్ర. ఆయన ఇచ్చినది రొమ్ము ఎత్తు ఉండే తేలికైన పొడుగు కర్ర. కుడికాలు ముందుకు వేసేటప్పుడు కర్ర కొస ఎడమ ప్రక్కన నేలను తడుముతుంది, ఎడమకాలు వేసేటప్పుడు కుడి ప్రక్కను. అంటే, తరువాతి అడుగు పడే చోటును కర్ర ముందే చూసి వస్తుంది. గుంత, మెట్టు, కాలువ, పడుకున్న కుక్క అన్నీ తెలుస్తాయి. నడుముకు పైన వచ్చేవి, చింతకొమ్మ, లారీ వెనుక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు మాత్రం తెలియవు. వీటికోసమే ఢిల్లీ ఐ.ఐ.టి. వారు కర్రకు తగిలించే పరికరం ఒకటి తయారుచేసి 2014లో విడుదల చేశారు. ఎదుట అడ్డు ఉంటే అది చేతిలో అదురుతుంది.

ఆ సైనికుల మధ్య సేవచేసినవారిలో బోస్టను అగ్రపీఠానికి చెందిన థామస్ కారల్ అనే గురువు ఒకరు. తరువాత ఆయన అంధులకు శిక్షణ కేంద్రాన్నే నెలకొల్పాడు. చూపుతోపాటు మనిషి పోగొట్టుకొనే 20 విషయాలను 1961లో ఒక గ్రంథంలో వివరించాడు. స్వయంగా ఒక చోటి నుండి మరొక చోటికి పోగలగడం వాటిలో ఒకటి. పోయినదేమిటో పేరు పెట్టి చెబితేనే తిరిగి సంపాదించే మార్గం దొరుకుతుందని ఆయన పద్ధతి. జాలితో ఆగిపోయే మనకు ఇది కొంచెం కటువుగా తోచవచ్చు.

ఈ శిక్షణ మనకు దూరమేమీ కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి పునరావాస విభాగం ఉంది. తిరుపతిలో రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. అంధత్వ ధృవీకరణ పత్రం ఉంటే టిక్కెట్టులో రాయితీ తోడు వెళ్ళేవారికి కూడా ఉంటుంది. పత్రం లేదని ఆగినవారు విచారణ గురువుల వద్దకు, ఉపదేశి వద్దకు రండి.

ఇక మన దేవాలయాల సంగతి. అంధుని దారికి అడ్డు పెట్టరాదని లేవీయకాండం 19వ అధ్యాయంలో ప్రభువు కట్టడ ఉంది. ఆదివారం పూజ వేళ మన గుడి వాకిట మెట్టు మీద గుట్టగా పడివుండే చెప్పులను చూడండి. నడకదారికి అడ్డంగా నిలిపిన మోటారు సైకిళ్ళను చూడండి. కర్ర పట్టుకొని వచ్చినవాని చేతిలో, అడగకుండానే, రూపాయి బిళ్ళ పెట్టేవారూ ఉన్నారు. అతడు వచ్చినది పూజకు!

చేయి పట్టడమే తప్పని నేననను. బెత్సయిదాలో ప్రభువే ఒక అంధుని చేయి పట్టి ఊరి వెలుపలికి తీసుకుపోయాడు. మనవారికి అలవాటైనది రెక్క పట్టి లాగడం, లేదా వెనుకనుండి నెట్టడం. అలా నెడితే ముందు మెట్టు ఉందో గుంత ఉందో అతనికి తెలియదు, భయంతో బిగుసుకుపోతాడు. ముందు మీ పేరు చెప్పండి, సాయం కావాలా అని అడగండి. వద్దంటే వదిలేయండి. కావాలంటే మోచేతికి కొంచెం పైన మీ చేతిని అతనిని పట్టుకోనిచ్చి, మీరు అరడుగు ముందు నడవండి. మెట్టు వచ్చినప్పుడు ఒక క్షణం ఆగి, ఎక్కేదో దిగేదో చెప్పండి. దివ్యసత్ప్రసాదం వరుసలోనూ అంతే.