సాక్షులు, సంతకాలు, ఆ తర్వాత ప్రార్థన

చదవవలసిన భాగం: యిర్మీయా 32:6–25

అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకు, ఆదోనిలో ఒంటరిగా ఉన్న అమ్మను తన దగ్గరికి తీసుకుపోవాలని దరఖాస్తు పెడతాడు. వీసా దశకు వచ్చేసరికి అమ్మ జనన ధ్రువపత్రం అడుగుతారు. అమ్మకు 75 దాటాయి. ఎమ్మిగనూరులో ఒక మగ్గం ఇంట్లో, మంత్రసాని చేతుల్లో పుట్టిందామె. అప్పటికి ఈ ప్రాంతం కర్నూలు జిల్లా కూడా కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా మద్రాసు రాష్ట్రంలో, బళ్లారి జిల్లా కింద ఉండేది. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం 1969లో గానీ రాలేదు. ఇంట్లో పుట్టిన ఆడపిల్ల పేరు ఏ రిజిస్టరులో వెతకాలి?

అలాగని దారి లేకపోలేదు. రికార్డు లేదని స్థానిక కార్యాలయం రాసిచ్చిన పత్రం ఒకటి కావాలి. దానికి తోడుగా బడి రికార్డో, చర్చి రికార్డో చూపవచ్చు. (బాప్తిస్మపు రిజిస్టర్లను చెదలకు వదిలేసిన సంఘాలు ఈ మాట వినాలి.) అవీ లేకపోతే ఇద్దరు సాక్షుల అఫిడవిట్లు కావాలి. ఆ ఇద్దరూ దరఖాస్తులో భాగస్తులై ఉండకూడదు, ఆ పుట్టుక సంగతి స్వయంగా ఎరిగినవాళ్లై ఉండాలి. అంటే అమ్మకంటే పెద్దవాళ్లు. ఈ రోజుకు ఎంతమంది మిగిలారు?

అఫిడవిట్ నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సిన కాగితం. నోటరీ తన రిజిస్టరులో రాసుకుని ముద్ర వేస్తాడు. ఈ మనిషి నా ముందు ప్రమాణం చేసింది అని చెప్పడమే ఆ ముద్ర పని. అందులోని సంగతి నిజమో కాదో ఆయన పూచీ పడడు, ఆ భారం మొత్తం సంతకం పెట్టిన చేతిదే. అడిగితే సంతకం పెట్టే చేతులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. “కాన్పు నేను చూడలేదు నాయనా, గడప బయట నిలబడి బిడ్డ ఏడుపు విన్నా” అనే అవ్వ దొరకడమే కష్టం. అలాంటి అవ్వ దొరికితే ఆమె మాటను “కళ్లారా చూశాను” అని దిద్దకండి. విన్నది విన్నట్టే రాయించండి.

యిర్మీయా ఖైదులో ఉన్నాడు. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం మోహరించి ఉంది. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనమన్నాడు. రేపో మాపో శత్రువు పాలయ్యే పొలం! కొనమని దేవుడు ముందే చెప్పాడు గనుక ప్రవక్త కొన్నాడు. ఎలా కొన్నాడో చూడండి. క్రయపత్రం రాసి ముద్ర వేశాడు. సాక్షులను పిలిపించాడు. 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్న పత్రం ఒకటి, రెండూ అందరి ఎదుట తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడకుండా మంటికుండలో దాచమన్నాడు. బైబిల్లో ఒక దస్తావేజు గురించి ఇంత ఓపికగా రాసిన చోటు నాకు తెలిసి మరొకటి లేదు. దేవుడే కొనమన్నాడు కదా, ఇక సాక్షులెందుకని అతడు అనుకోలేదు. ఒక్క మెట్టూ దాటేయలేదు.

ప్రార్థన చేసింది ఆ తర్వాతే. 16వ వచనం ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. ఆ ప్రార్థనలో అతడు తన తికమకను దాచుకోలేదు: ముట్టడి దిబ్బలు పట్టణం దాకా వచ్చేశాయి, నువ్వేమో పొలం కొనమన్నావు అని దేవునితోనే అన్నాడు.

మన సంఘాల్లో వీసా కోసం ప్రార్థన మనవి రాని ఆదివారం అరుదు. మంచిదే. కానీ చూడని పుట్టుకను చూశామని ఎవరిచేతనో రాయించి, ఆ కవరు మీద చేతులుంచి ప్రార్థించమనడం యిర్మీయా చూపిన దారి కాదు. దేవుణ్ణి అబద్ధ సాక్ష్యానికి మూడో సాక్షిగా పిలవడమే అది.

మీ ఇంట ఇలాంటి దరఖాస్తు నడుస్తుంటే ఈ వారమే ఊరి పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లకు ఏది నిజంగా గుర్తుందో అడగండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. పాస్టరుగారిని అడిగి పాత రిజిస్టర్లు తెరిపించండి. నోటరీ దగ్గరికి ఆ తర్వాత వెళ్లండి.

ప్రార్థన: ప్రభువా, సంతకం పెట్టబోయే మా పెద్దలకు జ్ఞాపకశక్తినివ్వు, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యమివ్వు. ఆమేన్.