పెట్టెలోని శిశువు, పెద్దల సెలవు

మన భాషలో సెలవు అను మాటకు రెండర్థములు కలవు. అనుజ్ఞ యొకటి, వ్యయము రెండవది. నేఁటి కచేరీలలోను పాఠశాలలలోను మొదటి యర్థమే నిలిచినది. రెండవది నిఘంటువులలో మిగిలినది. అయినను జీతముతోఁ గూడిన సెలవు అనునపుడు ఈ రెండర్థములును మరల ఒకచోటఁ గలిసికొనుచున్నవి. పోవుటకు అనుజ్ఞ యిచ్చువారెవరు? ఆ దినముల వ్యయమును భరించువారెవరు? నెలలు నిండక పుట్టియో, పుట్టినతోడనే జబ్బుపడియో ఆసుపత్రిలోని తీవ్రచికిత్సా విభాగమునఁ జేర్పఁబడిన శిశువుయొక్క తల్లిదండ్రుల విషయమున ఈ రెండు ప్రశ్నలను విచారింపవలెనని మా యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ముఁ బురికొల్పినది పుస్తకము కాదు. కొన్ని యేండ్ల క్రిందట మాతోఁ గలిసి పనిచేయుచుండిన యువకోపాధ్యాయుఁ డొకఁడుండెను. ఆయన భార్య యేడవ నెలలో ప్రసవించెను. శిశువును పట్టణమందలి ఆసుపత్రిలో, జనులు పెట్టె యని పిలుచు ఇంక్యుబేటరునందుంచిరి. ఆయన నాలుగు దినములు సెలవు వాడుకొని, మఱి పదిదినములు కావలెనని యడిగెను. అది ప్రైవేటు పాఠశాల. తండ్రికి అట్టి సెలవు నిబంధనలలో లేదు. యాజమాన్యమువారు పెద్దవారమని మమ్ము అభిప్రాయ మడిగిరి. వార్షిక పరీక్షలు దగ్గఱపడినవి. మేమాయనను బిలిచి, “నాయనా, అక్కడ అద్దము వెలుపల కూర్చుండి నీవు చేయఁగలిగినదేమున్నది? చూచుకొనుటకు డాక్టర్లున్నారు, నర్సులున్నారు. ఇక్కడ నలువదిమంది పిల్లలు నీ కొఱకు వేచియున్నారు” అంటిమి. ఆయన మాఱుమాటాడక తరగతికిఁ బోయెను. పందొమ్మిదవ దినమున ఆయన నల్లబల్లమీఁద లెక్క వ్రాయుచుండఁగా ఆసుపత్రినుండి కబురు వచ్చెను. శిశువు అప్పటికే పోయెను. ఆయన మమ్మొక్క మాటయు ననలేదు. అనియుండినచో మాకుఁ గొంత తేలికగా నుండెడిదేమో.

నాఁడు మేమడిగిన ప్రశ్న అజ్ఞానమువలనఁ బుట్టినది. అద్దము వెలుపల నున్నవారు చేయఁగలిగినది లేదనుట నిజమే కావచ్చును; కాని వారిని అద్దము వెలుపల నిలిపినవారము మనమే. 1978వ సంవత్సరమున దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధానియైన బొగోటాలో ఎడ్గార్ రే సనాబ్రియా అను వైద్యుఁడు, పెట్టెలు చాలని యాసుపత్రిలో వేఱొక యుపాయ మాలోచించెను. తక్కువ బరువుతోఁ బుట్టిన శిశువును తల్లి ఱొమ్మున, మేనికి మేను తగులునట్లు, గుడ్డతోఁ గట్టి యుంచుటయే ఆ యుపాయము. కంగారూ అను జంతువు తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దానికి కంగారూ సంరక్షణ మను పేరు వచ్చెను. పేదఱికములోఁ బుట్టిన యీ పద్ధతిని మొదట పెట్టెకు బదులుగా నెంచిరి. పెట్టె యున్నచోటఁ గూడ ఇది మేలు చేయునని పిమ్మటఁ దెలిసినది.

ఘానా, భారతదేశము, మలావీ, నైజీరియా, టాంజానియా దేశములలోని ఆసుపత్రులలో మూఁడువేల రెండువందలకుఁ బైఁబడిన శిశువులపై జరిగిన యొక పరిశీలన 2021లో ప్రకటింపఁబడినది. మన దేశమునుండి అందుఁ జేరినది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. కొందఱు శిశువులను పుట్టిన వెంటనే తల్లి ఱొమ్మునఁ జేర్చిరి; తక్కినవారిని ఆరోగ్యము కుదుటఁబడిన పిమ్మటనే చేర్చిరి. మొదటి 28 దినములలో మరణములు మొదటి వర్గమున నూటికి 12, రెండవ వర్గమున నూటికి 15.7. భేద మింత స్పష్టముగాఁ గనఁబడుటచే పరిశీలనను ముందుగానే నిలిపివేసిరి. తల్లి లేని వేళ తండ్రి ఱొమ్మును ఈ పనికిఁ దగినదే. ఇంతేకాదు, శిశువునకుఁ జప్పరించు శక్తి లేనపుడు తల్లి రెండుమూఁడు గంటల కొకసారి పాలు పిండి యియ్యవలెను. ఆ పాలను గొట్టముద్వారా పోయుదురు. ఇది ప్రేమ మాత్రమే కాదు, చికిత్స. వైద్యుఁడు వ్రాసిచ్చు మందునకు సొమ్ము చెల్లించుచున్నాము. వైద్యుఁడు రమ్మని పిలిచిన చేతులకు మాత్రము కూలి కోసివేయుచున్నాము.

భారత ప్రభుత్వమే 2017లో, నవజాత శిశువుల చికిత్సలో కుటుంబమును భాగస్వామిగాఁ జేయు పద్ధతినిగూర్చి ఆసుపత్రులకు మార్గదర్శకములు ప్రకటించెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో, నెలలు నిండని శిశువుల తల్లిదండ్రుల ప్రత్యేకావసరములకు సెలవు నిబంధనలు తగియుండవలెనని చెప్పెను. ఆరోగ్యశాఖ తల్లిదండ్రులను లోపలికి రమ్మనుచున్నది. సెలవుల చట్టము వారిని పనికిఁ బొమ్మనుచున్నది. ఒక్క ప్రభుత్వముయొక్క రెండు నోళ్లు రెండు మాటలు పలుకుచున్నప్పుడు వినవలసిన మనుష్యుఁడు ఏమి చేయవలెను?

చట్టమును గొంచెము లెక్కించి చూతము. 1961నాఁటి ప్రసూతి ప్రయోజన చట్టము 2017లో సవరింపఁబడి, మొదటి యిద్దఱు బిడ్డలవఱకు 26 వారములును, ఆపైని 12 వారములును జీతముతోడి సెలవు నిచ్చినది. ఆ యేర్పాటే 2020నాఁటి సామాజిక భద్రతా స్మృతిలోనికిని వచ్చినది. ఇది చిన్న యుపకారము కాదు. కాని యీ లెక్క ప్రసవమైన నాఁడే బిడ్డ యింటికి వచ్చునని యెంచినది. ఇరువదియెనిమిదవ వారమునఁ బుట్టిన శిశువు సాధారణముగా నెలలు నిండు నాఁటికిఁగాని, అనఁగా పండ్రెండు వారములకుఁగాని, ఇంటికి రాదు. మూఁడవ కాన్పు తల్లికి ఆసుపత్రిలోనే సెలవు తీఱిపోవును. బిడ్డ గడప దాఁటి లోనికి వచ్చు నాఁడే ఆమె గడప దాఁటి పనికిఁ బోవలెను. నెలలు నిండని కాన్పువలన తల్లి జబ్బుపడినచో మఱియొక నెల సెలవు గలదని చట్టము చెప్పుచున్నది. తల్లి జబ్బు లెక్కకు వచ్చినది. బిడ్డ జబ్బు రాలేదు. ఇఁకఁ దండ్రి మాట. కేంద్ర ప్రభుత్వోద్యోగికి పదునైదు దినములు గలవు. ప్రైవేటు ఉద్యోగమునందున్న తండ్రికి ఈ స్మృతి యొక్క దినమైనను విధింపలేదు.

ఈ లోపమును గుర్తించి దిద్దుకొన్న దేశములు లేకపోలేదు. బ్రిటను పార్లమెంటు 2023లో ఇందుకే ప్రత్యేకముగా నొక చట్టముఁ జేసెను. అది ఇంగ్లండు, వేల్సు, స్కాట్లండులయందు 2025 ఏప్రిల్ 6వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. పుట్టిన 28 దినములలోపల ఆసుపత్రిలోఁ జేరి, ఎడతెగక ఏడుదినములైనను అందుండిన శిశువుయొక్క తల్లికిని తండ్రికిని, మామూలు సెలవునకుఁ బైగా, ఆసుపత్రిలోని వారమునకు వారము చొప్పున పండ్రెండు వారములవఱకు సెలవు లభించును. ఉద్యోగమునఁ జేరిన మొదటి దినమునుండియే ఈ హక్కు గలదు. అయితే సొమ్ము పొందుటకు 26 వారముల కొలువు కావలెను. ఆ సొమ్మును పూర్తి జీతము కాదు. లోపములున్నను ఇందొక ధర్మసూక్ష్మము గలదు. ఆసుపత్రిలో గడచిన కాలమును ఈ చట్టము ఇంటిలో గడపిన కాలముగా లెక్కింపలేదు.

ఇచట మన పూర్వాచారమును గూడఁ దలఁచుట యుక్తము. పురిటి దినములలో తల్లిని అశుచి యని మూలగదిలో నుంచి మనవారు బాధించిన మాట నిజము. గాలియు వెలుతురును లేని యా గదులను సంస్కర్తలు నిందించుట న్యాయమే. అయినను తల్లీబిడ్డలు ఒక్కచోట నుండవలెననియు, ఆ దినములలో ఆమెను పనికిఁ బిలువరాదనియు ఆ యాచార మెఱిఁగియుండెను. అశుచి యను తప్పుడు కారణమును మనము త్రోసివేసితిమి, మంచిదే. దానివెంట నున్న మేలునుగూడఁ ద్రోసివేయుట మాత్రము సంస్కారము కాదు.

దీనికిఁ జెప్పు ఆక్షేపణలు మేమెఱుఁగనివి కావు. మేమే కొన్నింటిని జెప్పియున్నాము. ఇట్టి భారము మోపినచో యజమానులు ఆడువారిని పనిలోఁ బెట్టుకొనరని మొదటిది. భారమంతయు యజమానునిమీఁదనే పడినచో అట్లే జరుగును. కావుననే ఈ వ్యయమును పదుగురు గలిసి మోయవలెను. బ్రిటనులో యజమాని ముందుగాఁ జెల్లించి, అందలి పెద్దభాగమును ప్రభుత్వమునుండి తిరిగి పొందును. మన దేశములోను 1948నాఁటి ఉద్యోగుల రాజ్యబీమా చట్టముక్రింద ప్రసూతి భత్యము యజమాని పెట్టెలోనుండి కాక ఉమ్మడి నిధినుండి వచ్చుచుండెను. దారి క్రొత్తది కాదు. తండ్రికిని సమానముగా సెలవిచ్చినచో ఆడుదానిని మాత్రమే విడిచిపెట్టుటకుఁ గారణమును దగ్గును. సెలవును దుర్వినియోగము చేయుదురని రెండవది. తీవ్రచికిత్సా విభాగమున బిడ్డను ఉత్తపుణ్యమునకుఁ బరుండఁబెట్టు తల్లిదండ్రులు లోకమున నుందురా? ఆసుపత్రి పత్రమే సాక్ష్యము.

మూఁడవ ఆక్షేపణ బలమైనది. 2020లో లోకమంతటను నెలలు నిండక పుట్టిన శిశువులు ఇంచుమించు ఒక కోటి ముప్పదినాలుగు లక్షలు; అందు ముప్పది లక్షలు మన దేశమువారే. వారి తల్లులలో జీతపు రసీదు గలవా రెందఱు? నాట్లు వేయు కూలికి, ఇటుకలు మోయు కూలికి సెలవిచ్చువారెవరు? ఆమె పనికిఁ బోనిచో ఎవరును కోపపడరు. ఆ దినపు కూలి మాత్రము రాదు. ఆమె మగనికిని అంతే. ఈ యాక్షేపణ సెలవు వలదని చెప్పుటలేదు; సెలవు చాలదని చెప్పుచున్నది. 2017నుండి మాతృవందన పథకముక్రింద మొదటి కాన్పునకు ఐదువేల రూపాయలిచ్చుచున్నారు. శిశువు పెట్టెలో నెన్నిదినములున్నను ఆ మొత్తము మాఱదు. అయితే 2019లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీక్రింద శస్త్రచికిత్స పొంది కోలుకొను రోగికి, నెలకు ఐదువేలకు మించకుండ, దినమునకు 225 రూపాయలిచ్చు పథకము నారంభించిరి. రోగి మంచమునఁ బడినచో కూలి పోవునని రాజ్యము అపు డొప్పుకొన్నది. ఆ న్యాయమే, బిడ్డ ప్రక్కను గూర్చున్న తల్లికిని దండ్రికిని చెల్లవలెను. రోగి తన కాళ్లపై నిలువలేనివాఁడు కాఁగా, అతని కొఱకు నిలిచిన వారి కూలియు రోగి కూలియే కదా.

ఇంతవఱకు మేము ప్రయోజనమును జూపి వాదించితిమి. తల్లిదండ్రులు దగ్గఱనున్నచో బిడ్డ బ్రదుకును. కావున సెలవియ్యవలెను, అని. ఈ వాదము సత్యమే గాని సంపూర్ణము కాదు. బ్రదుకని బిడ్డ మాట యేమి? పందొమ్మిది దినములు బ్రదికిన యా శిశువు, తండ్రి యెల్లప్పుడును ప్రక్కనున్నను బహుశః బ్రదికియుండఁడు, వైద్యులట్లే చెప్పిరి. అట్లయినచో మా మాట సరియగునా? కాదని మా మనస్సు నేఁటికిని చెప్పుచున్నది. ఆ నలువదిమంది పిల్లలకు లెక్కలు చెప్పుటకు మేముంటిమి, మఱి యిద్దఱుండిరి. ఆ పందొమ్మిది దినముల జీవమునకు తండ్రి యొక్కఁడే. ఒకరికి బదు లొకరు చేయఁదగిన పనికొఱకు, ఎవరును బదులు నిలువలేని పనిని విడిపించితిమి. అదియే మా తప్పు.

సంతానముఁ గని పితరుల ఋణము తీర్చుకొందుమని మన శాస్త్రములు చెప్పును. పుట్టిన బిడ్డకు మనము పడిన ఋణమునుగూర్చి మనము తఱచుగాఁ దలఁపము. అడుగనిదే అమ్మయైనఁ బెట్టదని లోకులందురు. గొట్టములనడుమఁ బరుండిన యా శిశువు అడుగలేదు. అమ్మ పెట్టుటకు సిద్ధముగానే యున్నది. ఆమె కనుజ్ఞ యిచ్చుటయు, వ్యయమును భరించుటయు, రెండును మనవంతు.

ఆ యువకుఁ డిపుడు వేఱొక యూరఁ బనిచేయుచున్నాఁడు. మా పాఠశాలలో మఱల నట్టి సందర్భము వచ్చినచో ఏమి చెప్పవలెనో మాకుఁ దెలియును. కాని యది మా దయపై నాధారపడియుండుట మాకిష్టము లేదు. దయగల పెద్దమనిషి దొరకిన తండ్రికి మాత్రమే దొరకు సెలవు, సెలవు కాదు.