నీటి వాలు వెంట

మా వైపు వాగు అంటే ఏడాదిలో ఎక్కువ భాగం రాళ్ళు, ఇసుక, గట్ల మీద సర్కారు తుమ్మ. వానొచ్చిన రాత్రి మాత్రం అది అరుస్తుంది. తెల్లారి చూస్తే చప్టా మీద బురద ఉంటుంది, నీళ్ళుండవు. ఆ నీళ్ళు ఎటు పోయాయని చిన్నప్పుడు మా నాయనమ్మని అడిగితే "కిందికి" అనేది. కింద ఏ ఊళ్ళున్నాయో, ఎవరుంటారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. యాభై దాటాక గేరు సైకిలు ఒకటి కొనుక్కుని పొద్దున్నే తొక్కడం మొదలుపెట్టాక, ఆ పాత ప్రశ్న మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడింది.

పల్నాటి నీళ్ళు రెండు దారులు పడతాయి. మాచర్ల వైపు చంద్రవంక, కారంపూడి వైపు నాగులేరు ఉత్తరంగా పోయి కృష్ణలో కలుస్తాయి. ఇటు చిలకలూరిపేట మీదుగా పోయే ఓగేరు, కుప్పగంజి కృష్ణ ముఖం చూడవు. ఆగ్నేయంగా దిగి, నల్లమడ కాలువలో కలిసి, బాపట్ల ప్రాంతంలో సముద్రం చేరతాయి. నేను ఆ రెండో దారి పట్టాను.

సంక్రాంతి వెళ్ళి పదిహేను రోజులు. నరసరావుపేటలో తెల్లవారుజామున ఐదింటికి ఎక్కాను. రెండు సీసాల నీళ్ళు, ఒక స్పేరు ట్యూబు, సంచిలో నాలుగు నువ్వుల ఉండలు. వెలుగు వచ్చేసరికి కుడిచేతి వైపు కోటప్పకొండ మూడు శిఖరాలతో కనపడింది. ఆ కొండ మీద కాకి వాలదని మా పెద్దల మాట. చేలల్లో మిరప పండి ఉంది, కొన్ని కళ్ళాల్లో అప్పటికే ఎర్రగా పరిచారు. ఆ ఘాటు సైకిలు మీద వెళ్ళేవాడికే తెలుస్తుంది. కారులో అద్దాలు వేసుకుని అదే రోడ్డు మీద వందసార్లు వెళ్ళాను గాని, మిరప కళ్ళం పక్కన గాలి ఎలా ఉంటుందో మర్చిపోయి చాలా ఏళ్ళయింది.

చిలకలూరిపేట దాటాక నేల తీరు మెల్లగా మారుతుంది. ఫలానా చోట మారిందని వేలు పెట్టి చూపించలేం. రాయి తగ్గుతుంది, నల్లరేగడి చిక్కబడుతుంది, తాటిచెట్లు వరసలు కడతాయి. పెదనందిపాడు, కాకుమాను వైపు వచ్చాక వెనక్కి తిరిగి చూశాను. కొండ లేదు. మాకు ఇంటి ముందు నిలబడితే ఏదో ఒక దిక్కున కొండో, కనీసం ఒక రాతి గుట్టో ఉంటుంది. దాన్ని బట్టే తూర్పూ పడమరా. కొండ కనిపించని చోట పల్నాటివాడికి ముందు కొంచెం బెరుకుగా ఉంటుంది. నాకూ అలాగే అయింది.

చదును నేల మీద సైకిలు తొక్కడం తేలిక అనుకుంటారు. నేనూ అనుకున్నాను. కాని ఎగువ రోడ్డు మీద ఎక్కుడు ఉంటే దాని తరవాత దిగుడు ఉంటుంది. దిగేటప్పుడు కాళ్ళు ఆపి ఊరికే కూర్చోవచ్చు. చదును మీద ఆ వెసులుబాటు లేదు. తొక్కినంత సేపే బండి నడుస్తుంది. గంట గడిచినా అదే మోత, అదే ఊపిరి, అదే తాటిచెట్టు మళ్ళీ వచ్చినట్టుంటుంది. ఇక్కడ బలం పనికిరాదు. పెద్ద గేరులో పడి తొక్కితే పది కిలోమీటర్లకే మోకాళ్ళు చెబుతాయి. చిన్న గేరులో, ఒకే లెక్కన, తేలిగ్గా తిప్పుతూ పోవాలి.

మా ఇళ్ళల్లో జీవితం ఇంతకాలం పల్నాటి రోడ్డులాగే నడిచింది. బోరు వెయ్యడం ఒక ఎక్కుడు, పిల్ల పెళ్ళి ఇంకో ఎక్కుడు, అప్పు తీరిన రోజు ఒక దిగుడు. ఎక్కుడు ముందుందంటే మనిషికి పట్టుదల దానంతటదే వస్తుంది. బాధ్యతలు తీరాక మొదలయ్యే కాలం డెల్టా నేలలాంటిది. ఎక్కాల్సింది ఏమీ కనపడదు. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోయాక మా వీధిలో అరుగుల మీద కూర్చున్నవాళ్ళని చూస్తుంటాను. కొండలాంటి పనులు చేసినవాళ్ళు, చదును రోజుల్ని ఎలా గడపాలో తెలియక దిగాలుగా ఉంటారు. వాళ్ళకి తక్కువైంది పని కాదని నా నమ్మకం. ఒకే లెక్కన కాళ్ళు తిప్పే అలవాటు తక్కువైంది. అది నేర్చుకోవాలంటే నేర్చుకోవచ్చు, యాభై దాటాక కూడా.

పదిన్నరకి కొమ్మమూరు కాలువ గట్టు మీద ఆగాను. ఒకప్పుడు బెజవాడ వైపు నుంచి వచ్చే పడవలు ఈ కాలువలో పెదగంజాం దాకా పోయి, బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు చేరేవి. ఇప్పుడు ఒడ్డున జమ్ము, మధ్యలో గుర్రపుడెక్క. లకుముకి పిట్ట కరెంటు తీగ మీద నుంచి నీళ్ళలోకి దూకి, చేప దొరక్క, మళ్ళీ తీగ మీదికి పోయి కూర్చుంది. మూడోసారికి దొరికింది. నేను కదలకుండా చూశాను. నేల నా కంటికి బల్లపరుపుగా ఉంది, నీళ్ళు మాత్రం నింపాదిగా పోతూనే ఉన్నాయి. కిలోమీటరుకి జానెడు వాలు ఉంటే చాలు, నీటికి దారి తెలుస్తుంది. కంటికి అందని ఆ వాలు సైకిలు మీద ఉంటే కాళ్ళకి కాస్త అందుతుంది.

పన్నెండు దాటేసరికి ఎదురుగాలి. ఎండకి నేల కాగి, దాని మీది గాలి తేలికై పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. తీరం వైపు వెళ్ళేవాడికి అది గోడ. ఎదురుగాలితో కలిపి లెక్కేసిన వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఎంత గట్టిగా తొక్కితే అది అంత గట్టిగా నెడుతుంది. ముందు పంతానికి పోయాను, రొప్పు వచ్చింది. తరవాత తల దించి, వేగం తగ్గించి, గాలి ఇచ్చినంత దారే తీసుకున్నాను. ఉప్పు వాసన అప్పుడే మొదటిసారి తగిలింది.

బాపట్ల ఇంకా కొంత దూరం ఉందనగా మురుగు కాలువ గట్టు మీద ఒక పెద్దాయన గేదెని మేపుతున్నాడు. సైకిలు చూసి పలకరించాడు.

"ఏ ఊరు బాబూ?"

"నరసరావుపేటండి. మా వాగు ఎక్కడికి పోతుందో చూద్దామని వచ్చా."

ఆయన నవ్వలేదు. చేత్తో కాలువ చూపించాడు. "ఇదిగో, ఇక్కడికే. మీ మీద వాన పడిందని మాకు టీవీ చెప్పక్కర్లా. మర్నాటికి నీళ్ళ రంగు చెబుద్ది. ఈడ చుక్క పడకపోయినా చేను మునుగుద్ది." కొంచెం ఆగి అన్నాడు: "పత్తి మందు డబ్బాలు కూడా వస్తయ్. మాది వరి గదా, ఆ డబ్బాలు మావి కావు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. గేదె ఎటు పోయిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. నా దగ్గర జవాబు లేదు. 1987-88లో తెల్లదోమ మా పత్తిని ఊడ్చిపెట్టిన ఏడాది నాకు గుర్తుంది. ఆ భయం ఇళ్ళల్లో ఉండిపోయింది. ఒకసారి చాలే చోట రెండుసార్లు కొట్టడం, ఖాళీ డబ్బా గట్టు మీద వదిలెయ్యడం మా చేలల్లో ఎవరికీ తప్పుగా అనిపించదు. నేనూ వదిలేశాను. వాన వచ్చి తీసుకుపోయింది. కిందికి.

బాపట్లలో ఆ రాత్రి ఒక మెస్సులో అన్నం తింటుంటే ఇంకో సంగతి తట్టింది. పల్నాటి తిండి గురించీ నీళ్ళ గురించీ శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు మా దగ్గర చదువు రానివాళ్ళకీ తెలుసు. జొన్నకూడు మా సీమ గుర్తు. 1967లో సాగర్ కుడి కాలువలోకి నీళ్ళు వచ్చాక వరి వచ్చింది. ఇవాళ మా ఇంట్లో వండే సన్నబియ్యం, అందరూ బీపీటీ అని పిలిచే సాంబ మసూరి, ఈ బాపట్లలో పుట్టిన వంగడమే. బీపీటీ 5204 అనే పేరులో ఉన్నది బాపట్లే. 1986లో విడుదలైంది. ఈ లోతట్టు నేల మీద కూర్చుని ఎవరో ఏళ్ళ తరబడి వరి కంకులు సంకరం చేసి, పరీక్షించి, మాకు పంపితే, దశాబ్దాలుగా మేం దాన్ని రెండు పూటలా తింటున్నాం. మేం ఇక్కడికి పంపింది ఏమిటో ఆ పెద్దాయన చెప్పాడు. మెతుకులు వదలకుండా తిని లేచాను.

మర్నాడు నిజాంపట్నం వైపు తొక్కాను. వరి కోసిన మళ్ళలో మినుము పచ్చగా ఉంది. తరవాత రొయ్యల చెరువులు వచ్చాయి, వాటి గట్ల మీద తెల్ల కొంగలు. కాకి వాలని కొండ దగ్గర నుంచి వచ్చినవాడికి అన్ని రెక్కలు ఒకేచోట చూడటం పండగలాగే ఉంది. తీరం దగ్గరపడ్డాక మడ అడవి. బురదలోంచి వేళ్ళు పెన్సిళ్ళలాగా పైకి పొడుచుకుని నిలబడి ఉంటాయి. ఉప్పుబురదలో గాలి ఉండదు కనుక మడచెట్టు వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటిలో ఒక రకానికి నల్లమడ అని పేరు, మా వాగులు కలిసే కాలువ పేరే. అలలు వస్తే ఆ వేళ్ళే మట్టిని పట్టి ఆపుతాయి. అక్కడ సైకిలు స్టాండు వేసి, చాలాసేపు నిలబడ్డాను. నీళ్ళు ఎటు పోతున్నాయో తెలియనంత నెమ్మదిగా ఉన్నాయి. వేళ్ళ మధ్య ఒక ప్లాస్టిక్ మూత చిక్కుకుని ఉంది. ఏ ఊరిదో ఎవరు చెప్పగలరు? నేను దిగి దాన్ని తీసి సంచిలో వేసుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోసింది. వెళ్ళడానికి పట్టిన కాలంలో మూడో వంతు తగ్గింది. కోటప్పకొండ మళ్ళీ కనపడినప్పుడు సంతోషమే కలిగింది, కాని ఈసారి దాన్ని కింది నుంచి వస్తూ చూశాను. దాని చుట్టూ ఉన్న చేలన్నీ ఏ వైపు వాలి ఉన్నాయో కాళ్ళకి తెలుస్తూనే ఉంది. ఆ సాయంత్రం మా చేను గట్టు మీద వెతికితే పాత డబ్బాలు పదకొండు దొరికాయి.

చిలకలూరిపేటలో ఓగేరు దాటే అన్నదమ్ములారా, చేలో మందు కొట్టాక ఖాళీ డబ్బాని వాగులో వెయ్యకండి, గట్టు మీద వదలకండి. వాన పడిన మర్నాటికి అది బాపట్ల దగ్గర ఉంటుంది.