మేస్త్రి యగుట కాయకమా?

తాను చేయు పనిలో పైమెట్టు నెక్కవలెనని కోరుట ధర్మమా, దురాశయా? భక్తుల ఇండ్లలో ఈ ప్రశ్న తఱచుగా పుట్టుచుండును. దొరికిన కాయకము చేసికొనుము, తక్కినది లింగయ్య చూచుకొనునని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని దానిని సోమరితనమునకు ముసుగుగా కప్పుకొనువారును కలరు. పని నేర్చుకొనని వానిని తృప్తిపరుడనుట తగదు.

ఈ ప్రశ్నకు సమాధానము గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు పల్లెలలో వెదకవచ్చును. 2016 అక్టోబరు వఱకు మహబూబునగరు జిల్లాలో చేరియుండిన ఈ సీమ పాలమూరు కూలీలకు పుట్టినిల్లు. కృష్ణా తుంగభద్రలు చెంతనే పాఱుచున్నను పొలములకు నీరెక్కక, కరవుమీద కరవు వచ్చి, వేలకొలది కుటుంబములు మట్టిపనికై దూరప్రాంతములకు వలసపోయెను. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరు మొదలుకొని దేశమందలి ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు వారు మట్టి మోసిరి.

ఆ బ్రతుకులో ఎదుగుదలకు కనబడిన నిచ్చెన ఒక్కటే: కూలివాడు మేస్త్రి యగుట. గుత్తేదారు ఊరికి రాడు. అతని అడ్వాన్సు పెద్దమేస్త్రి చేతికి, అతనినుండి ఊరిమేస్త్రి చేతికి వచ్చును. పెండ్లి ఖర్చునకో, పాత అప్పునకో ఆ సొమ్మును ఇంటింట పంచి, ఆలుమగలను కలిపి పేర్లు వ్రాసికొని మేస్త్రి వారిని లారీ యెక్కించును. పనిచోట తిండిఖర్చు ఇచ్చుచుండును. త్రవ్విన మట్టి కొలత, కూలి, విఱుపులు, మిగిలిన బాకీ, అన్నియు అతని చిన్నపుస్తకములోనే యుండును. చదువురాని కూలివానికి అది తెఱచియున్నను మూసినట్లే. పని ముగిసిన పిదప, ఇంకను నీవే బాకీయున్నావని మేస్త్రి చెప్పినచో కాదనుటకు వానికి ఆధారమేది? మరుసటి యేడు మరల ఆ లారీయే గతి. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము వచ్చినవి. అవి రావలసినవే. అయినను చట్టమునకు పుస్తకములోని అంకెలు చదువువాడు కావలెను గదా!

అట్లని మేస్త్రిని కేవలము దుష్టునిగా చూచుట న్యాయము కాదు. అతడును ఒకప్పుడు తట్ట మోసినవాడే. భాష తెలియని చోట బియ్యము సంపాదించుట, జ్వరము తగిలినవానిని ఆసుపత్రికి కొనిపోవుట, గుత్తేదారు డబ్బు ఎగవేసినచో ఊరివారికి ముఖము చూపి సమాధానము చెప్పుట, ఇవన్నియు అతని భారములే. కొలత చూచుట, మనుష్యుల నెఱుగుట, మాట నిలుపుకొనుట అతనికి ఏ బడిలోను ఎవరును నేర్పలేదు. తన ఎదుగుదలను తానే చేతబట్టిన అట్టివానిని నిందించుటకు కాయకధర్మములో తావు లేదు.

బసవేశ్వరుడును పదవిని వలదనలేదు. మంగళవాడలో కరణికముతో మొదలుపెట్టి కల్యాణమున బిజ్జలుని భాండాగారమును వహించెనని సంప్రదాయము. ప్రభువు ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొండెగాండ్రు రాజుతో చెప్పిన ఘట్టము పాల్కురికి సోమనాథుని బసవపురాణములో కలదు. లెక్క చూడగా భాండాగారమున కొఱత కానరాలేదు. ఈ కథను మహిమగా చదువువారే యెక్కువ. దానిలో మఱియొక సంగతి కూడ ఉన్నది: తాళపుచెవి చేతనున్నవాడు లెక్క అడిగినపుడు పెట్టెలు తెఱచుటకు వెనుదీయలేదు. అనుభవమంటపమున శూన్యసింహాసనమును అధిష్ఠించినది బసవన్న కాదు, అల్లమప్రభువు. చాకలి మాచయ్య, పడవ నడుపు చౌడయ్య ఆ సభలో తోడివారై కూర్చుండిరి.

రాలిన బియ్యము ఏరుకొను ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మనెను. ఆమె పనిని తప్పుపట్టలేదు, మించిన పిడికెడు బియ్యమును తప్పుపట్టెను. మేస్త్రి తన శ్రమకు కమీషను తీసికొనుట తప్పు కాదు. కొలతలో తగ్గించి మిగుల్చుకొన్నది ఆ పిడికెడు బియ్యము వంటిదే.

ఇంతవఱకు అంగీకరించువారు చాలమంది యుందురు. చిక్కు దీని తరువాత వచ్చును. తన గుంపులోని యువకునికి టేపు పట్టుట, ఘనపుటడుగుల లెక్క, పుస్తకము వ్రాయుట మేస్త్రి నేర్పవలెనా? నేర్పినచో మరుసటి యేడు వాడే మేస్త్రియై పది కుటుంబములను వెంటబెట్టుకొని పోవచ్చును. అది ఉత్త భయము కాదు. మేస్త్రి ఇంటి పొయ్యికి సంబంధించిన మాట. అయినను నేర్పవలసినదే. లెక్క ఒక్కనికే తెలిసియున్నంతకాలము తక్కినవారు అతనిని నాయకుడని నమ్మి వెంటనడచుచున్నారో, దారి తెలియక నడచుచున్నారో చెప్పుట అసాధ్యము. నష్టపడియైనను నేర్పినవాని యెదుగుదలయే దాసోహముతో కూడిన కాయకము.

గద్వాల ప్రాంతమందలి ఇటిక్యాలపాడు స్వగ్రామముగా గల సురవరము ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పెను. తెలంగాణములో కవులు లేరన్న మాట వచ్చినపుడు తానొక్కడే ఘనుడనని చూపుకొనక, 1934లో 354 కవుల రచనలను గోలకొండ కవుల సంచికగా ప్రకటించెను. చేతిలో పత్రిక యున్నవాడు దానిలో ఇతరులకు చోటిచ్చిన తీరిది.

కచేరిలో నియమములు తనకే తెలియునట్లు ఫైళ్లు దాచు పెద్దగుమాస్తా, దుకాణములో చిల్లరలెక్క తప్ప పేరేడు చూడనీయని యజమాని, మఠపు పొలముల కౌలు ఎంతో స్వాములవారికి తప్ప ఎవరికిని తెలియనీయని కార్యకర్త, వీరందఱును ఆ చిన్నపుస్తకమును పట్టుకొన్నవారే. మఠముల మాట చెప్పుట కొందఱికి కష్టముగా తోచవచ్చును. భాండాగారి పేరు చెప్పుకొనుచోట ఆ మాట ముందుగా రావలెను.

జూరాల, కల్వకుర్తి, నెట్టెంపాడు కాలువలు వచ్చిన పిదప కొన్ని ఊళ్లలో లారీల రాక తగ్గినది. వలస ఆగలేదు; ఇప్పుడు హైదరాబాదు భవనముల చెంతకు మరలినది. మేస్త్రి లెక్కలు ఫోనులో నుంచుకొనుచున్నాడు. అయితే కూలివాని కూతురు నేడు బడికి పోవుచున్నది, అంకెలు చదువగలదు. ఆమె అడిగినపుడు ఆ ఫోను ఆమె చేతికిచ్చి, ఇదిగో మీ నాయన లెక్క, తప్పున్నచో చెప్పుమని అనగల మేస్త్రులు ఊరికెందఱుందురు?