నాబోతు ఇంటికా, అహాబు ఎదుటికా?

ధ్యానభాగము: 1 రాజులు 21:1–20



విశ్వాసులు నవలలు చదువవచ్చునా అని కొందరు మమ్మును అడుగుదురు. ఈ వేసవిలో మేమొక నవల చదివితిమి. అది మమ్మును మోకాళ్లమీదికి తెచ్చినది గనుక దాని సంగతి మీకు చెప్పుచున్నాము.

అది ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెరసాలలో ఉండి వ్రాసిన ‘మాలపల్లి’. 1922లో వెలువడిన ఆ గ్రంథమును అప్పటి మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. అందులో రామదాసు భక్తిపరుడు. అతని కుమారుడు సంగదాసు పెద్ద రైతు చౌదరయ్య యింట పాలేరు. చౌదరయ్య కోపముతో కొట్టిన దెబ్బకు సంగదాసు ప్రాణము విడుచును. తండ్రి దుఃఖమును దిగమ్రింగి ఓర్చుకొనును. మరియొక కుమారుడు వెంకటదాసు ఓర్వలేక, తక్కెళ్ల జగ్గడను పేరుతో ధనవంతులను దోచి బీదలకు పంచును. చివరకు ఆ కుటుంబమే చెదరిపోవును.

చదువుచున్నప్పుడు మేము రామదాసు ఓర్పును మెచ్చుకొంటిమి. పుస్తకము మూసిన తరువాత ఆ మెప్పే మమ్మును నిద్రపోనీయలేదు. ఏలయనగా, అటువంటి ఓర్పును మేమొక తల్లికి బోధించియుంటిమి.

మన ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతములో ఊరు వేరు, పల్లె వేరు అని మీరెరుగుదురు. కొన్నేండ్ల క్రిందట మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు కాయుచున్న మేకలు ఒక ఆసామి చేనిలో పడెను. ఆసామి కట్టెతో కొట్టగా పిల్లవాని చేయి విరిగెను. ఊరి పెద్దలు కూర్చుండి, వైద్యమునకు కొంత సొమ్ము ఇప్పించి, పోలీసు స్టేషనుకు పోవద్దనిరి. తల్లికి నచ్చజెప్పు పని మాకు అప్పగించిరి. మేమును వెళ్లి, మత్తయి 18వ అధ్యాయము చదివి, ఎన్ని మారులైనను క్షమింపవలెనని చెప్పి, ప్రార్థన చేసి వచ్చితిమి. ఆమె తల వంచుకొని వినెను. ఆ తరువాత ఆరాధనకు రాలేదు.

నవల ముగించిన మరునాడు మేము ఆమె యింటికి పోతిమి. ఆమె మంచము వాల్చి, మజ్జిగ ఇచ్చి, ఒక్కమాట అడిగెను:

“నాకు చెప్పినారు, విన్నాను. ఆయనకేం చెప్పినారయ్యగారూ?”

మాకు నోట మాట రాలేదు. ఆ ఆసామి గడప మేము తొక్కనేలేదు.

నాబోతు కథ జ్ఞాపకము చేసికొనుడి. అబద్ధసాక్షులను నిలిపి అతనిని రాళ్లతో చంపించిరి. అప్పుడు దేవుడు ఏలీయాను ఎక్కడికి పంపెను? నాబోతు ఇంటివారికి ఓర్పు నేర్పుటకా? కాదు, చనిపోయినవాని తోటను స్వాధీనపరచుకొనబోయిన అహాబు ఎదుటికి. హేబెలు రక్తము చిందినప్పుడును దేవుడు ప్రశ్నించినది కయీనునే.

అట్లయిన క్షమాపణ అక్కరలేదా? వెంకటదాసు త్రోవయే మేలా? కాదు. పగ తీర్చుకొనుట వేరు, న్యాయమడుగుట వేరు. తన శత్రువుల కొరకు కన్నీరు కార్చిన పౌలు సహితము కైసరు ఎదుట చెప్పుకొందుననెను (అపొ. కార్య. 25). 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. ఆ వ్యాజ్యెములో సుప్రీంకోర్టు తీర్పు వచ్చుటకు 2008 వరకు పట్టెను. 23 ఏండ్లు న్యాయము కొరకు కనిపెట్టినవారిని క్షమించుట తెలియనివారని ఎవరనగలరు? క్షమాపణ గాయపడినవాని చేతిలోని దానము. అది పెద్దలు తీర్చు తగవులో చెల్లు కట్టుటకు పనికివచ్చు నాణెము కాదు. జక్కయ్య కేవలము క్షమింపుమని అడుగలేదు; అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు ఇచ్చెదననెను.

ఆలస్యముగానైనను మేము ఆ ఆసామి యింటికి వెళ్లితిమి. ఆయన మమ్మును వాకిటనే నిలిపి, పాత సంగతి ఇప్పుడెందుకనెను. చెప్పవలసినది చెప్పి వచ్చితిమి. తరువాత ఆ తల్లియొద్దకు పోయి, మమ్మును క్షమింపుమని అడిగితిమి. ఆమె ఇంకను జవాబు చెప్పలేదు. మేము తొందరపెట్టము.

సంఘపెద్దలారా, ఓదార్చుటకు బయలుదేరకముందు, మొదట ఏ వాకిటికి పోవలెనో ప్రభువును అడుగుదము. ఆమేన్.