అమ్మబోతే అడవి

నాయనా,

ఈ నెల చీటీ నువ్వే పాడతానని మీ అమ్మతో అన్నావంట. ఐదు లక్షల చీటీ. ఇంకా సగం నెలలు కూడా గడవలేదు, ఇప్పుడు ఎత్తుకోవాలంటే లక్షకు తక్కువ కాకుండా వదులుకోవాల. అంత తొందర దేనికయ్యా అంటే, బెంగళూరులో ఎవరో తన సినిమా బొమ్మలన్నీ గుత్తగా అమ్మేసుకుంటున్నాడు, అవి మనం తీసుకుంటే ఐదేళ్లలో రెండింతలవుతాయి, ఇదీ బంగారం మాదిరి ఆస్తే అని చెప్పినావంట. మీ అమ్మ సగం విని, సగం భయపడి నా దగ్గరికొచ్చింది.

కోప్పడటానికి రాయడం లేదు. బొమ్మలంటే నీకున్న పిచ్చి చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉన్నా. జీతంలోంచి అప్పుడప్పుడూ ఒకటి కొనుక్కుంటే నేను నోరెత్తను. పేకాట కంటే వెయ్యి రెట్లు నయం. చీటీ డబ్బు మాట వచ్చింది కాబట్టే చెబుతున్నా. నువ్వు పంపిన వీడియోలన్నీ చూసినా. చాలవని నేనే మరికొంత చదివినా. బతుకంతా చెనక్కాయల మండీలో లెక్కలు రాసినవాణ్ణి, సరుకు తెలియకపోయినా బేరం తెలుస్తుంది.

ముందు నువ్వు గొప్పగా చెప్పిన ఆ స్టార్ వార్స్ బొమ్మ, బోబా ఫెట్ సంగతి. 2024లో అమెరికాలో హెరిటేజ్ వాళ్ల వేలంలో జానెడు కూడా లేని ఆ బొమ్మ 5,25,000 డాలర్లకు పోయింది. మన లెక్కలో 4 కోట్ల పైమాటే. నిజమే, కాదనను. అది ఎందుకంత పలికిందో మాత్రం నువ్వు చెప్పలేదు. స్టార్ వార్స్ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ, వీపు మీది రాకెట్ ఎగిరిపోయే బొమ్మ ఒకటి పిల్లలకు పోస్టులో పంపుతామని 1979లో ఊరించింది. ఆ రోజుల్లోనే ఇంకో కంపెనీ బొమ్మలోంచి ఎగిరిన ముక్క గొంతులో ఇరుక్కుని ఒక బిడ్డ ప్రాణం పోయింది. కెన్నర్ వాళ్లు జడుసుకుని రాకెట్‌ను కదలకుండా అతికించి పంపినారు. ఎగిరే రకం అంగడికే రాలేదు. ఫ్యాక్టరీలో చేసి చూసుకున్న నమూనాలు కొన్ని మిగిలినాయి, ఆ 4 కోట్లు వాటిల్లో ఒకదానికి. అంగట్లో దుడ్డిచ్చి కొని, బీరువాలో దాచుకున్న సరుకు కాదది.

అంగట్లో కొన్న మామూలువాటికి కూడా ధర వచ్చింది కదా పెదనాయనా అంటావు. వచ్చింది. 1977లో స్టార్ వార్స్ అంత ఆడుతుందని బొమ్మలు చేసేవాళ్లే అనుకోలేదు. క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాక, కెన్నర్ వాళ్లు ఖాళీ అట్టపెట్టె అమ్మినారు. లోపల బొమ్మలు తర్వాత పంపుతామని రాసిన హామీపత్రం! ఉత్త పెట్టె కొనుక్కుని పండగ చేసుకున్నారు జనం. 1978లో బొమ్మలు చేరినాయి. ఒక్కోటి రెండు డాలర్లు. పిల్లలు పెట్టెలు చించి, మట్టిలో ఆడి, తలకాయలు కొరికి, చేతులు విరగ్గొట్టి పారేసినారు. ఏ తల్లీ దాచలేదు, ఏ తండ్రీ పెట్టుబడి అనుకోలేదు. కోట్ల కొద్దీ అమ్మిన వాటిల్లో విప్పని పెట్టెలు ఎక్కడో మూలన పడినవి కొన్నే మిగిలినాయి. ఆ పిల్లకాయలు పెరిగి, చేతిలో నాలుగు రూకలు ఆడే కాలానికి వాటికి గిరాకీ పుట్టింది. ఎవరూ దాచలేదు కాబట్టి పుట్టిన గిరాకీ అది.

దాన్ని చూసి జనం దాచడం మొదలుపెట్టినారు. 1999లో స్టార్ వార్స్ కొత్త సినిమాకు అర్ధరాత్రి అంగళ్లు తెరిచి బొమ్మలమ్మితే, పిల్లలతో పాటు పెద్దవాళ్లూ ఎగబడి పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండా అటకెక్కించినారు. ఇరవై ఐదేళ్లు దాటిపోయింది. వాటిల్లో చాలావాటికి ఈ పొద్దుకీ పెట్టిన దుడ్డు రావడమే గగనం. అందరి అటక మీదా అదే సరుకుంటే కొనేవాడు ఎవడు? 2023లో ఫంకో కంపెనీ చేసిన పని నీకు తెలిసే ఉంటుంది, నాతో మాత్రం చెప్పలేదు. గోడౌన్‌లో పెట్టుకునే ఖర్చు కంటే పారేస్తేనే మేలని 3 కోట్ల నుంచి 3.6 కోట్ల డాలర్ల సరుకు వదిలించుకుంటామని వాళ్లే ప్రకటించినారు. మన రూపాయల్లో రమారమి 250 నుంచి 300 కోట్లు. ఆ కంపెనీ పెద్ద తలకాయ బొమ్మలే నీ గదిలో ఒక గోడ నిండా ఉన్నాయి.

లిమిటెడ్ ఎడిషన్ అని పెట్టె మీద అచ్చేసి ఉంటుందంటావు. ఎంతకు లిమిటో చెప్పేది వాళ్లే కదా నాయనా. హాంకాంగ్ హాట్ టాయ్స్ వాళ్ల అడుగెత్తు బొమ్మల్లో పనితనం ఉంది, ఒప్పుకుంటా. ఆ ముఖం మీది ముడతలు, కంట్లో తడి చూసి నేనే కాసేపు కదల్లేదు. కానీ ఒక్క ఐరన్ మ్యాన్‌నే ఎన్ని రకాలుగా తీసినారు! ఒకటి బాగా పోతే, ఏడాదికో రెండేళ్లకో దానికంటే మంచిది తెస్తారు. పాతది కొన్నవాడి ధర ఆ పొద్దుతోనే దిగిపోతుంది.

ఇంక సరుకు భద్రం సంగతి. మీ అమ్మ నన్ను మిద్దె మీది రేకుల గదికి పిలుచుకుపోయింది. నువ్వు సంక్రాంతికి వచ్చి చూసిపోయినట్టున్నావు, ఎండాకాలం తర్వాత చూడలేదు. నల్లకోటు వేసుకున్న బొమ్మ ఒకటి గాజు పెట్టెలో ఉంది కదా, దాని కోటు తోలు పొట్టు పొట్టుగా రాలి కాళ్ల కాడ పడి ఉంది. అది తోలు కాదు, గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ పొర. ఎవరూ ముట్టుకోకపోయినా తేమకూ వేడికీ దానంతటదే విరిగిపోతుంది. ఇంకొకదాని చెయ్యి పట్టుకుంటే వేలికి జిగురు అంటింది. ప్లాస్టిక్ మెత్తగా ఉండటానికి కలిపిన మందు కాలం గడిచే కొద్దీ పైకి ఊరుతుందంట, మూసిన పెట్టెలో అయితే ఇంకా ఎక్కువంట. కొత్తచెరువు ఎండకు, ఆ రేకుల కింద, మే నెలలో మనిషే నిలబడలేడు. కింది వరసలో ఒక పెట్టె జరిపితే గోడ వెంబడి చెదల మట్టి గీత కనపడింది. పెట్టె అంచు తినేసినాయి. పెట్టె చెడితే ధరలో సగం చెడినట్టేనని నాకు చెప్పింది నువ్వే. (చెదల మందు కొట్టించినా. పెట్టెల మీద పడకుండా గుడ్డ కప్పించినాలే, కంగారు పడొద్దు.)

ఇప్పుడు ధర. ఆన్‌లైన్‌లో నువ్వు చూపించే అంకెలన్నీ అమ్మేవాడు అడిగే ధరలు. అడగడానికి ఏం పోయింది? ఈబేలోనే అమ్ముడైపోయినవాటిని మాత్రం చూపించే ఏర్పాటుంది. అది నొక్కి చూడు, ఎంతకు తెగిందో, నెలకు ఎన్ని తెగినాయో. నేను చూసినా కాబట్టే చెబుతున్నా. ఒక లెక్క వేద్దాం. 20,000 పెట్టి కొన్న బొమ్మ పదేళ్లకు 30,000కు పోయిందనుకో. అమ్మిపెట్టినవాళ్లు నూటికి పదమూడు తీసుకుంటే 3,900 పోతుంది. బబుల్ షీటు, రెండు పొరల అట్టపెట్టె, ఇన్సూరెన్సుతో కొరియరు కలిపి 1,100 అనుకో. చేతికి వచ్చేది 25,000. అదే 20,000 ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో పడేసి ఉంటే పదేళ్లకు 39,000 దాటేది, దానికి చెదలు పట్టవు. నువ్వేమో పదివేలు లాభమని స్నేహితులకు చెబుతావు. గ్రేడింగ్ చేయిస్తానంటావేమో. ఏఎఫ్‌ఏ అని అమెరికాలో వాళ్లు బొమ్మకు నూటికి ఇన్ని మార్కులని వేసి అక్రిలిక్ పెట్టెలో బిగించి ఇస్తారు. పోనురాను ఖర్చు, మార్కుల ఖర్చు, పైగా ఆ మార్కులు బాగా పడితేనే. 1978 నాటి బొమ్మకైతే గిట్టుబాటు. మొన్న కొన్నదానికి ఎందుకు?

పన్ను సంగతి కూడా చూసుకో. బయటి దేశాల బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి పెంచినారు, 2023లో 70 చేసినారు. నువ్వు ఇక్కడ పెట్టే దుడ్డులో ఆ సుంకం కలిసే ఉంటుంది. బయటి దేశం వాడికి అమ్మబోతే అందులో పైసా ఇవ్వడు. మిగిలేది మన దేశంలోని కొనుగోలుదారులే. వాళ్లు ఎందరు, ఒకరికొకరు ఎంత తెలిసినవాళ్లో నీకే బాగా తెలుసు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా నాయన ఊరికే అనేవాడు కాదు.

మన వీధుల్లో ఆటోకు మైకు కట్టుకుని పాత పట్టుచీరలు కొంటామని తిరుగుతారు కదా. మీ అవ్వ ధర్మవరం చీర చిరిగి పీలికలైనా, అసలు జరీ ఉంటే దాన్ని కాల్చి వెండి తీసుకునేవాడు ఉన్నాడు. చీరకు మోజు పోయినా అడుగున వెండి ఉంటుంది. నీ బొమ్మకు మోజు పోతే అడుగున ప్లాస్టిక్. ఆ తేడా మరిచిపోయి రెండింటినీ ఆస్తి అనడమే నాకు నచ్చనిది.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. బెంగళూరాయన సగం ధరకే గుత్తగా ఇస్తున్నాడని సంబరపడుతున్నావు. ఆయన కూడా నీ మాదిరే ఏళ్ల తరబడి కొన్నాడు, విప్పకుండా దాచినాడు, ఏసీ గదిలోనే పెట్టుకున్నాడంట. అంత చేసినాక, దుడ్డు అవసరమైన పొద్దు ఆయనకు వచ్చేది సగం ధర. రీసేల్ విలువ ఎంతని నువ్వు ఎక్కడెక్కడో వెతుకుతున్నావు. ఆయన మొహం చూస్తే తెలియడం లేదా? ఐదేళ్లలో రెండింతలయ్యే సరుకైతే ఆయనే ఐదేళ్లు ఆగేవాడు కదా.

నిమ్మలకుంటకు ఒకసారి నాతో రా. మన జిల్లాలోనే, ధర్మవరం మండలం. సినిమా బొమ్మలు పుట్టకముందు మనవాళ్లకు చేతులూ కాళ్లూ ఆడే బొమ్మలంటే అక్కడి తోలుబొమ్మలే. మేకతోలు గీకి, దీపం వెలుగు అవతలికి దిగేంత పల్చన చేసి, బొమ్మ గీసి, నగల చోట ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్ది, కీళ్లు దారంతో కట్టి ఆడిస్తారు. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. రాత్రంతా ఆడించే ఆటలు సినిమా దెబ్బకు తగ్గిపోయి, ఆ కుటుంబాలు ఇప్పుడు ల్యాంప్‌షేడ్లూ గోడకు తగిలించే బొమ్మలూ చేసి బతుకుతున్నాయి. పాత ఆటబొమ్మలు దేశదేశాల మ్యూజియంలలో ఉన్నాయి. వాటి విలువ చూడు, నీ సరుకుకు పూర్తిగా ఎదురు. దీపం మసి, పట్టుకుని పట్టుకుని అరిగిన కర్ర, నాలుగుచోట్ల వేసిన కుట్లు, ఇవే అది నిజమైన ఆటబొమ్మని చెప్పే సాక్ష్యం. నీదేమో పెట్టె విప్పితేనే దిగిపోతుంది. మొన్న ఉగాదికి మీ పాప స్పైడర్ మ్యాన్ పెట్టె ముట్టుకుందని అరిచినావంట. నాలుగేళ్ల బిడ్డ, బొమ్మ ముట్టుకోక ఏం ముట్టుకుంటుంది?

ఆ పాత తోలుబొమ్మలు కొని అమ్ముతానని మాత్రం బయల్దేరకు. నీ తీరు నాకు తెలుసు కాబట్టి ముందే చెబుతున్నా. పాతకాలంలో దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు. 1972 వన్యప్రాణి చట్టం కింద దానితో వ్యాపారం నేరం. నూరేళ్లు దాటిన వస్తువును దేశం దాటించడానికీ అదే ఏడాది చేసిన పురావస్తువుల చట్టం అడ్డు. కావాలంటే కొత్త బొమ్మ ఒకటి చేసినవాళ్ల చేతిమీదుగా కొను. ఆ దుడ్డు నేరుగా వాళ్లకు పోతుంది, నీ ఇంటికి దీపమవుతుంది.

నిజంగా ఈ వ్యాపారంలో చేయిపెట్టాలని ఉంటే చీటీ ఎత్తాల్సిన పనే లేదు. పైసల్లో మొదలుపెట్టొచ్చు. ఫన్‌స్కూల్ అని మన ఎంఆర్‌ఎఫ్ టైర్ల కంపెనీ, అమెరికా హాస్‌బ్రో కలిసి పెట్టిన కంపెనీ జీఐ జో బొమ్మలు ఇక్కడే చేసి అమ్మింది, నీ చిన్నప్పుడు నీ దగ్గరా ఉండేవి. రంగుల్లో అమెరికావాటికి తేడాగా ఉంటాయని వాటిని బయటి దేశాల్లో సేకరించేవాళ్లు వెతుక్కుంటున్నారు. అట్లాగే థియేటర్ గేటు కాడ అమ్మే పాత సినిమాల పాటల పుస్తకాలు. 1957 నాటి మాయాబజార్ పాటల పుస్తకం చెక్కుచెదరకుండా దొరికితే సేకరించేవాళ్లు వదులుతారా? అప్పట్లో పాట నేర్చుకుని, దాంట్లో చెనక్కాయలు పొట్లం కట్టుకుని పారేసినారు. ఇట్లాంటివి మన పల్లెల్లో పాత ట్రంకు పెట్టెల్లో ఇంకా ఉండొచ్చు. వాటిని గుర్తుపట్టే కన్ను నీకుంది. ఆ కన్నుకు వచ్చే లాభం నీ సొంతం, కంపెనీ ఇంకొక బ్యాచ్ తీసి దాన్ని పోగొట్టలేదు.

కాబట్టి ఈ నెల చీటీ పాడొద్దు. మీ అమ్మకు నేను చెబుతాలే, నువ్వు మానుకున్నావని మాత్రం చెబుతా. నీ గదిలో ఒకే బొమ్మ రెండేసి ఉన్నవి ఐదారున్నాయి. వాటిల్లో రెండు అమ్మకానికి పెట్టు. స్నేహితుడికి మొహమాటంతో అంటగట్టడం కాదు, ముక్కూమొహం తెలియనివాడికి. వచ్చే నెల పాట లోపల రెండూ అమ్ముడై, కమీషనూ కొరియరూ పోను దుడ్డు నీ ఖాతాలో పడితే అప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడదాం. అడిగిన ధర నాకు చెప్పొద్దు. ఖాతాలో పడిన అంకె మాత్రం పంపు.

మీ పెదనాయన