అవసరానికి వెల కట్టవచ్చునా?

"ఫాదర్, బండి ఇప్పుడు కొనమంటారా, కొన్నాళ్ళు ఆగమంటారా?" అని అడిగేవారు ఈ నాలుగైదేళ్ళలో ఎక్కువయ్యారు. వారు అడిగేది కారు గురించి కాదు. వెనుక తొట్టి ఉండే సరుకు బండి గురించి. కొందరు పికప్ అంటారు, కొందరు ట్రాలీ అంటారు, ఏ కంపెనీదైనా టాటా ఏస్ అనేవారూ ఉన్నారు. వారికి కావలసింది లెక్కల సలహాయే అయితే ఆ పని నాకంటె బ్యాంకు మేనేజరు బాగా చేస్తాడు. కాని ఆ ప్రశ్న అడుగున మరొక ప్రశ్న ఉన్నది. ధరలు మండిపోతున్న కాలంలో అమ్మేవాడు ఎంతవరకు అడగవచ్చు? ఇది బేరసారాల సంగతేనా, లేక న్యాయాన్యాయాల సంగతా?

ముందుగా ఒక మాట. కారు లేకపోయినా కుటుంబం ఆదివారం పూజకు నడిచి వస్తుంది. కల్లంలో ఆరిన మిర్చి గుంటూరు యార్డుకు నడిచి పోదు. మన గ్రామాలలో పికప్ బండి నిన్నటి ఎడ్లబండి స్థానంలో వచ్చిన పనిముట్టు. పనిముట్టు ధర పెరిగినపుడు పెరిగేది ఒక్క ధర కాదు, దాని మీద ఆధారపడిన ప్రతి చేతికీ భారం పెరుగుతుంది. అందుచేత దీని ధర గురించి నీతిపరంగా ఆలోచించడం కారు ధర గురించి ఆలోచించడంకంటె ముఖ్యం.

ధర పెరగడమే పాపమని నేననడం లేదు. టాటా ఏస్ 2005లో మొదట వచ్చినపుడు దాని ధర రెండు లక్షల పాతిక వేల ప్రాంతంలో ఉండేది. ఈనాడు అంతకంటె కొంచెం పెద్ద పికప్ కావాలంటే తొమ్మిది లక్షల చుట్టూ మాట్లాడుకోవాలి. 2020 ఏప్రిల్ నుండి పొగ నియంత్రణకు బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చాయి, డీజిలు ఇంజనుకు కొత్త పరికరాలు జోడించవలసి వచ్చింది. 2021లో ఇనుము ధర పెరిగింది, ఎలక్ట్రానిక్ చిప్పులు దొరకక కర్మాగారాలు కుంటుపడ్డాయి. తయారీదారునికి నిజంగా అయిన ఖర్చును అతడు ధరలో కలుపుకుంటే అన్యాయమనడానికి లేదు. పిల్లల ఊపిరితిత్తులలోకి పోయే పొగ తగ్గినందుకు కొంత చెల్లించడం కూడ సబబే.

చిక్కు మరొక చోట ఉన్నది. ఖర్చు పెరగకపోయినా, ఎదుటివానికి తప్పనిసరి అని తెలిసి పెంచిన ధర సంగతి ఏమిటి?

మన కుటుంబాల పిల్లలు చాలమంది అమెరికాలో ఉన్నారు గనుక 2021, 2022 సంవత్సరాలలో అక్కడ జరిగింది వారినడిగితే చెబుతారు. అక్కడ కొత్త బండి అద్దానికి కంపెనీ సూచించిన ధర కాగితం అంటించి ఉంటుంది. చిప్పుల కొరతతో బండ్లు తక్కువ కాగానే చాలమంది డీలర్లు ఆ ధరకు పైన వేల డాలర్లు అదనంగా అడిగారు. 2022 జనవరిలో అక్కడి ప్రభుత్వ ధరల సూచీ ప్రకారం వాడిన కార్లు, ట్రక్కుల ధరలు ఏడాదిలో 40 శాతానికి పైగా పెరిగాయి. చివరకు ఫోర్డు, జనరల్ మోటార్సు వంటి కంపెనీలే తమ డీలర్లను హెచ్చరించవలసి వచ్చింది. డీలరు వాదన తేలికైనదే: "నేను ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు. ఒప్పుకున్నవాడే కొన్నాడు."

ఈ వాదనకు ఏడు వందల యాభై ఏళ్ళ క్రితమే ఒక జవాబు ఉన్నది. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజులలో పునీత తోమాసు అక్వినాసు వారి మహాగ్రంథంలోని రెండవ భాగం, 77వ ప్రశ్న మాకు పాఠంగా ఉండేది. మోసం గురించి, క్రయ విక్రయాల గురించి అందులో చర్చించారు. ఆయన చేసిన ఒక విభజన నాకిప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. వస్తువును వదులుకోవడం వలన అమ్మేవానికే నష్టం కలిగితే, ఆ నష్టాన్ని ధరలో కలుపుకోవచ్చునంటారు. కాని అమ్మేవానికి ప్రత్యేకమైన నష్టమేమీ లేక, కొనేవానికి మాత్రం అది గొప్ప అవసరమైతే, ఆ అవసరాన్ని చూసి ధర పెంచకూడదంటారు. కారణం? ఆ అవసరం అమ్మేవాని సొత్తు కాదు. అది కొనేవాని స్థితిలోనుండి పుట్టింది. తనది కానిదాన్ని ఎవరూ అమ్మకూడదు గదా! అయితే మేలు పొందినవాడు తనంతట తాను సంతోషించి కొంత ఎక్కువ ఇస్తే అది అతని మర్యాద.

ఈ విభజనను మన ఊళ్ళో పెట్టి చూద్దాం. ఒక రైతు రెండేళ్ళు వాడిన తన పికప్‌ను అమ్ముతున్నాడు. అది అమ్మితే తానే వచ్చే పంటకు కిరాయి బండి వెతుక్కోవాలి. ఆ ఇబ్బందికి తగినంత ఎక్కువ అడిగితే అతడు న్యాయంగానే ఉన్నాడు. పక్కనే ఒక వ్యాపారి నాలుగు పాత బండ్లు కొని షెడ్డులో పెట్టుకున్నాడు. కొత్త బండి రావడానికి మూడు నెలలు పడుతుందని, కొనవచ్చినవాని కాయ కల్లంలో ఉన్నదని తెలుసుకొని, నిన్న చెప్పిన ధరకు ఇవాళ ఎనభై వేలు చేర్చాడు. బండి అదే, టైర్లు అవే. రాత్రికి రాత్రి ఆ బండిలో పెరిగిందేమిటి? కొనేవాని కంగారు మాత్రమే.

ఆర్థికశాస్త్రం చదివినవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, దాన్ని తేలికగా తీసుకోకూడదు. ధరను బలవంతాన తొక్కి ఉంచితే సరుకు మాయమవుతుందని వారి మాట. నిజమే. బజాజ్ చేతక్ స్కూటరుకు బుక్ చేసి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కాలం నా ఈడువారికి గుర్తే. ఆ రోజులలో అలాట్‌మెంటు కాగితాన్నే లాభానికి అమ్ముకున్నవారున్నారు. అందుచేత ప్రతి ధరనూ సర్కారే నిర్ణయించాలని నేననను. అయినా ఆ అభ్యంతరంలో ఒక లోపం ఉన్నది. ఎక్కువ ధర ఇచ్చేవానికే ఎక్కువ అవసరం అనుకుంటారు వారు. ఎక్కువ ఇవ్వగలగడం జేబు లోతును చూపుతుంది గాని అవసరం లోతును చూపదు. పైగా మధ్యవ్యక్తి జేబులో పడిన అదనపు డబ్బు ఎక్కడో తైవానులో తయారు కావలసిన చిప్పును ఒక్క రోజు ముందుగా తీసుకురాలేదు.

ఇక దాచిపెట్టడం సంగతి. 2025 ఆగస్టు 15న ప్రధానమంత్రి జి.ఎస్.టి. తగ్గింపు రాబోతున్నదని ప్రకటించారు. సెప్టెంబరు 3న మండలి నిర్ణయించింది. 22వ తేదీ నుండి సరుకు బండ్ల మీద పన్ను 28 శాతం నుండి 18 శాతానికి దిగింది. పన్ను కలపక ముందు ఏడు లక్షలు ఉన్న బండి తీసుకోండి. పాత పన్నుతో 8,96,000, కొత్త పన్నుతో 8,26,000. తేడా డెబ్బై వేలు. పేపరు చదవని ఒక కుర్రవాడు సెప్టెంబరు పదవ తేదీన డబ్బు పట్టుకొని షోరూముకు వచ్చాడనుకోండి. "పన్నెండు రోజులు ఆగు బాబూ" అని చెప్పవలసిన బాధ్యత అమ్మేవానికి ఉన్నదా?

క్రీస్తుకు పూర్వమే రోమను పండితుడు సిసెరో తన కర్తవ్యాల గ్రంథంలో సరిగ్గా ఇటువంటి సమస్యనే చర్చించాడు. రోడ్సు ద్వీపంలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుండి ధాన్యం తెచ్చాడు. వెనుక మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి మాత్రమే తెలుసు. చెప్పాలా, చెప్పకుండా ఎక్కువ ధరకు అమ్ముకోవాలా? చెప్పనక్కరలేదని డయోజెనీసు, చెప్పి తీరాలని ఆంటిపాటరు వాదించారు. సిసెరో చెప్పాలన్న వైపే మొగ్గాడు. తోమాసు వారు మాత్రం కొంత మెతకగా, ఈనాటి ధరకు అమ్మినవాడు న్యాయం తప్పినట్లు కాదు గాని, చెప్పినా, ధర తగ్గించినా అతనిది మరింత గొప్ప సుగుణం అన్నారు. ఇక్కడ నాకు సిసెరోయే నచ్చాడు, పునీతులవారు క్షమించాలి! ధాన్యం ఓడలు దారిలో మునిగిపోవచ్చు. పన్ను తగ్గే తేదీని మండలి నిర్ణయించిన తరువాత మునిగేది ఏమున్నది?

వడ్డీ విషయంలో దాపరికం ఇంకా ఘోరం. ఏడు లక్షల అప్పు, అయిదేళ్ళు, "వడ్డీ ఏడు శాతమే" అంటారు. ఫ్లాటు అనే మాటను మింగేస్తారు. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, చివరి నెల వరకు మొత్తం ఏడు లక్షల మీదనే వడ్డీ లెక్క. 2,45,000 వడ్డీ, నెలకు 15,750 వాయిదా. తగ్గే అసలు మీద లెక్కకడితే ఆ వడ్డీ దాదాపు పన్నెండున్నర శాతం. దీనిని తత్త్వశాస్త్రంతో విచారించనక్కరలేదు. సంతకం పెట్టకముందే "తగ్గే అసలు మీద ఎంత?" అని అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోండి. బీమా కూడ వారు చెప్పిన కంపెనీలోనే తీసుకోవాలన్న నియమం లేదు.

పాత బండి కొనేవారు ఆర్.సి.లో ఫైనాన్సు పేరు ఉన్నదేమో చూడండి. అప్పు తీరిపోయిందని నోటి మాట చాలదు, ఆ నమోదు రద్దు కావాలి. సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ పత్రం కావాలి. ఛాసీకి పడిన వెల్డింగును రంగు కింద కప్పి అమ్మినవాడు దొంగతో సమానం. ఈ విషయంలో తోమాసు వారు ఏమాత్రం మెతకగా లేరు. ప్రమాదం, నష్టం తెచ్చే లోపం కంటికి కనబడనిదైతే అమ్మేవాడు చెప్పి తీరాలన్నారు.

ఇంతవరకు కొనేవారు సంతోషంగా తల ఊపి ఉంటారు. ఇకపై వారి వంతు.

అవసరం కొనేవాని సొత్తు అన్నాం. అయితే ఆ సొత్తు ఎంతో అతనికి తెలియాలి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానం (లూకా 14:28) ఇంతకంటె బాగా ఎక్కడ అతుకుతుంది? మన జిల్లాలలో మిర్చి కోత, తోలకం అంతా కలిపి నాలుగు నెలలు. వాయిదాలు మాత్రం పన్నెండు నెలలకూ వస్తాయి. మిగిలిన ఎనిమిది నెలలు బండికి పని ఏమిటో ముందుగా తేల్చుకున్నవానికి ధర ఎక్కువైనా కొనడం వివేకమే కావచ్చు. తేల్చుకోనివానికి ధర తగ్గినా అవివేకమే. "బావ కొన్నాడు, నేను కొనకపోతే ఎట్లా" అనేది అవసరం కాదు. ఆ మాట అన్న ఇంట్లో ఇల్లాలి నల్లపూసలు కూడ తాకట్టుకు వెళ్ళడం చూస్తుంటాం. ఆమెను ఎవరూ అడగరు. వాయిదా తప్పినపుడు ఫైనాన్సువారు తలుపు కొడితే మాత్రం బయటికి వచ్చి మాట్లాడేది ఆమే.

బండి ఇంటికి వచ్చిన తరువాత న్యాయమైన ధర ప్రశ్న కొత్త వేషంలో ఎదురవుతుంది. నిన్నటివరకు షోరూమువానిని తిట్టినవాడు ఈనాడు కిరాయి చెప్పే స్థానంలో ఉన్నాడు. మార్చి నెలలో మబ్బు పట్టింది. పక్క చేలో యాభై టిక్కీల కాయ ఉన్నది, పట్టలు చాలవు. రాత్రి పదకొండు గంటలకు ఫోను. రాత్రి పనికి, ఖాళీగా తిరిగి రావలసిన దూరానికి, పోయిన నిద్రకు ఎక్కువ అడగవచ్చు. అవి అతని నష్టాలు. మబ్బుకు అడగవచ్చునా? "నాకు 15,750 కట్టాలి గదా ఫాదర్" అంటారు. నిజమే, కట్టాలి. కాని ఆ వాయిదా మబ్బు పట్టకముందూ ఉన్నది. అది అన్ని కిరాయిలలోనూ సమంగా పంచుకోవలసిన ఖర్చు, దొరికిన ఒక్కని మీద వసూలు చేసుకునేది కాదు.

అసలు భయం నాకు ఇంకొకటి. ఎక్కువ ధర పెట్టి కొన్న బండి తొందరగా సంపాదించాలి. మొదట లోడు పెరుగుతుంది. ముప్పావు టన్నుకు చేసిన బండి మీద టన్నున్నర వేస్తారు. బ్రేకులకు ఆ సంగతి మలుపులో తెలుస్తుంది. తరువాత తెల్లవారుజామున అదే తొట్టిలో ఇరవై, ముప్పై మంది ఆడకూలీలను నిలబెట్టి కోతలకు తీసుకుపోతారు, మనిషికి ఇంత అని. తిరగబడితే ఏమౌతుందో ఏటా పేపర్లలో చూస్తూనే ఉన్నాం. సరుకు యజమాని, లేదా అతని మనిషి అయితే తప్ప, సరుకు బండిలో ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. ఆ కూలీ బండి కొనలేదు, ధర బేరమాడలేదు, ఫైనాన్సు కాగితం మీద వేలిముద్ర వేయలేదు.

కొత్త బండిని మంత్రించమని గుడి ముందు ఆపుతారు. అద్దం మీద "గుణదల మాత కృప" అని రాయించి, బంతిపూల దండ వేసి, ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడతారు. పవిత్ర జలం చల్లేముందు నేను ఒక్కటే అడుగుతుంటాను, ఈ తొట్టిలో రేపు ఏమి ఎక్కిస్తావు అని. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు "కాయే ఫాదర్, మనుషులు కాదు" అంటారు. మొన్న ఒకతను జవాబు చెప్పేలోపే అతని తల్లి అందుకొని, కోతల రోజులలో తాను కూడ అట్లాంటి తొట్టిలోనే నిలబడి వెళ్ళేదాన్నని చెప్పింది.